చదవడం వచ్చిన పిల్లలకూ కథ కావాలి

అడిగిన కథనల్లా ఫోనే చెప్పేస్తున్నప్పుడు తల్లిదండ్రులు పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఎందుకన్న ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. రోజంతా పనిచేసి అలసిపోయినవారు అడుగుతున్న ప్రశ్న గనుక దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. నేపథ్య సంగీతం జోడించి, తర్ఫీదు పొందిన గొంతుతో రికార్డు చేసిన కథ, తండ్రి ఆవులిస్తూ చదివే కథకన్నా వినసొంపుగానే ఉంటుంది. అయినా మేము ఆవులించే తండ్రి పక్షమే.

ఎందుకో తెలియాలంటే కథ ఎక్కడ ఆగుతోందో చూడాలి. నాలుగేళ్ల పాప పుట తిప్పనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఎలుగుబంటి ఎందుకు ఏడుస్తోందని అడుగుతుంది. జవాబు చెబితే, మరి వాళ్లమ్మ ఎక్కడికి పోయిందంటుంది. త్వరగా ముగిద్దామని ఒక పేజీ దాటేస్తే, అక్షరం ముక్క రాకపోయినా ఇట్టే పట్టేస్తుంది. రికార్డు ఇలా ఎవరి కోసమూ ఆగదు. రెండు మూడేళ్ల పిల్లలపై 1988లో వెలువడిన ఒక అధ్యయనంలో, చదివి వినిపిస్తూనే మధ్యమధ్య పిల్లల చేత వివరంగా చెప్పించే ప్రశ్నలు వేయడం కొందరు తల్లిదండ్రులకు నేర్పారు. వారి పిల్లలు మామూలుగా చదివి వినిపించిన వారి పిల్లలకన్నా నెల రోజుల్లోనే మాటల్లో ముందంజ వేశారు. తిను, పడుకో, చెప్పులేసుకో అన్న ఇంటి మాటల్లో దొరకని పదాలు చిన్న కథల పుస్తకంలోనూ దొరుకుతాయన్నది సరేసరి.

తెరల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టమైన హద్దులే గీసింది. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని చెబుతూ, పిల్లలు కుదురుగా కూర్చున్న సమయంలో పెద్దలు కథలు చదవడాన్నీ చెప్పడాన్నీ ప్రోత్సహించింది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. పిల్లలకు చదవడం రాగానే 'నీకే వచ్చుగా, చదువుకో' అంటూ చాలా ఇళ్లలో కథ ఆపేస్తున్నారు. ఏడేళ్ల పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి దాని మొదలు మరిచిపోతాడు. అదే పిల్లవాడు చెవితో వింటే తాను చదవగలిగిన దానికన్నా ఎంతో క్లిష్టమైన కథను అర్థం చేసుకుంటాడు. చదివే శక్తి వినే శక్తిని అందుకోవడానికి ఏళ్లు పడుతుంది గనుక, ఆ మధ్యకాలంలో కథ మానేస్తే వాడికి మిగిలేవి వాడి వయసుకు చప్పగా తోచే చిట్టి పుస్తకాలే. పుస్తకమంటే విసుగు అక్కడే మొదలైనా ఆశ్చర్యం లేదు.

కథను పాఠంగా మార్చే తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. ప్రతి పదం కింద వేలు పెట్టి 'ఇదేంటి చెప్పు' అని నిలదీస్తే పడకవేళ కూడా పరీక్షే అవుతుంది. పిల్లలు అడిగితే ఆగాలి, లేకుంటే కథ సాగాలి.

ఇక తమకే చదవడం సరిగా రాదని వెనకాడేవారు బొమ్మల పుస్తకం తెరిచి, తోచిన కథ అల్లి చెప్పవచ్చు. పుస్తకంలో ఉన్నదొకటి, చెప్పిందొకటి అయినా నష్టం లేదు. కాకపోతే నిన్న చెప్పిన కథను ఇవాళ మార్చి చెబితే పాప ఊరుకోదు.