తదితరులు

మార్చి మొదటి వారం వచ్చిందంటే మా న్యూస్ డెస్కుకు విశ్వవిద్యాలయాల నుంచి ప్రెస్ నోట్లు వరుస కడతాయి. మహిళా దినోత్సవం సందర్భంగా ఫలానా సెమినార్ హాల్లో సభ జరిగింది. ముఖ్య అతిథిగా ఫలానావారు, విశిష్ట అతిథిగా ఫలానావారు, గౌరవ అతిథులుగా మరో ముగ్గురు. స్త్రీ ఆదిశక్తి అని ఒకరన్నారు, స్త్రీ లేనిదే సృష్టి లేదని ఇంకొకరన్నారు. ముగ్గుల పోటీలో గెలిచినవారికి బహుమతులిచ్చారు. చిట్టచివర ఒక వాక్యం: వివిధ రంగాల్లో ప్రతిభ చూపిన అధ్యాపకురాళ్లు, పరిశోధక విద్యార్థినులు తదితరులను శాలువాలతో సత్కరించారు. సభ ఎవరి కోసం పెట్టారో వాళ్లు తదితరుల్లో కలిసిపోతారు.

తప్పంతా నోటు పంపినవాళ్లదే అనడానికి మాకు నోరు రాదు. దాన్నే నాలుగు లైన్లు కుదించి మేమూ అచ్చేస్తున్నాం. ఫొటోలో ముందు వరుస కుర్చీల్లో పెద్దలు, వెనకాల శాలువాలు కప్పుకుని నిలబడ్డ ఆడవాళ్లు. శాలువా మీద మాకేమీ కోపం లేదు. ఆమె ల్యాబులో ఏం చేసింది, ఏ ఊరి మట్టి మీద పనిచేసింది, ఏ లెక్క తేల్చింది అన్నది ఒక్క ముక్క కూడా ఉండదు. అదీ మా బాధ.

ఇలాంటి నోట్లు చూసినప్పుడల్లా ఒక పట్టా కాగితం గుర్తొస్తుంది. 1943లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించిన అమ్మాయికి ఇచ్చిన పట్టా అది. 1794లో సర్వే బడిగా మొదలైన ఆ కాలేజీకి అన్నేళ్లూ ఇంజనీరంటే మగవాడే. అందుకే పట్టా ఫారాలన్నీ ‘హీ’ అనే ఇంగ్లిషు మాటతోనే అచ్చయి ఉండేవి. ఆమె పట్టా రాయాల్సి వచ్చినప్పుడు కొత్త ఫారాలు వేయించలేదు. ఎవరో కలం తీసి ఆ ‘హీ’ మీద గీత కొట్టి ‘షీ’ అని చేత్తో రాశారు.

ఆ అమ్మాయి అయ్యలసోమయాజుల లలిత. తెలుగువాళ్లే. దేశంలో ఇంజనీరింగ్ పట్టా అందుకున్న తొలితరం మహిళ. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎందరికి ఈ పేరు తెలుసో అడిగి చూడండి. తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. లలితకు పదిహేనేళ్లకు పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకు చేతిలో పసిబిడ్డ. ఆ బిడ్డకు నాలుగు నెలలు వచ్చేసరికి భర్త పోయాడు. 1930లలో అలాంటి పిల్లకు పుట్టింట్లో ఏం మిగిలేదో మన అమ్మమ్మల తరం కథలు కథలుగా చెప్పింది: వంటిల్లు, వెనక వసారా, పండగొస్తే ఎవరి కంటా పడకుండా ఉండే ఒక మూల.

లలిత ఆ మూలకు వెళ్లలేదు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసైంది. డాక్టరీ చదవమన్నారు. అర్ధరాత్రి డ్యూటీ అంటే బిడ్డను వదిలి పరుగెత్తాలి, అది తనవల్ల కాదనుకుంది. వేళకు వెళ్లి వేళకు ఇల్లు చేరే ఉద్యోగం కావాలి. అందుకు ఇంజనీరింగ్ అయితే నయమనుకుంది. మాకు ఈ చిన్న సంగతి చాలా ఇష్టం. చరిత్ర సృష్టిద్దామని ఆమె బయల్దేరలేదు. పసిపిల్ల తల్లిగా టైము లెక్క చూసుకుంది.

తండ్రి వెళ్లి ప్రిన్సిపాల్ కె.సి.చాకోను అడిగారు. ఆడపిల్లను చేర్చుకోవచ్చని నిబంధనల్లో లేదు, కూడదనీ లేదు. ఇలాంటి చోటే మన ఆఫీసుల్లో ఫైళ్లు నిద్రపోతాయి. చాకో ఒప్పుకున్నారు. విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం.స్టాథమ్ సంతకం పెట్టారు. 1940లో లలిత చేరింది. బిడ్డ లలిత సోదరుడి ఇంట్లో పెరిగింది, లలిత హాస్టల్లో ఉండి వారం చివర వెళ్లి చూసుకునేది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కతే. క్లాసులో ఎవరూ ఇబ్బంది పెట్టలేదు కానీ హాస్టల్లో ఒంటరితనం. అది గమనించి అమ్మాయిలూ చేరవచ్చని కాలేజీ ప్రకటన ఇచ్చింది. సివిల్ ఇంజనీరింగ్‌లో ఇద్దరు చేరారు. పి.కె.త్రేసియా, లీలమ్మ జార్జ్. యుద్ధం రోజులు కాబట్టి కోర్సు కుదించారు. ముగ్గురూ 1943లోనే బయటికొచ్చారు. వారిలో త్రేసియా 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖకు చీఫ్ ఇంజనీర్ అయ్యారు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పూర్తి చేసి, సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో కొంతకాలం పనిచేసి, 1948లో కలకత్తాలో ఒక బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీలో చేరారు. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు ఆమె పని. భాక్రా నంగల్ డ్యాం జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యుంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. నడుమ కొన్నాళ్లు తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. పొగరాని పొయ్యి, జెలెక్ట్రోమోనియం అనే విద్యుత్ సంగీత వాయిద్యం ఆయన పేటెంట్లలో ఉన్నాయి. ప్రొఫెసర్ గారి బుర్ర ఎన్ని వైపులా తిరిగేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఈ కథలో లలిత తెలివి, కష్టం సగం. మిగతా సగం కాలేజీది. అడిగిన వెంటనే కాదనని ప్రిన్సిపాల్, సంతకం పెట్టిన అధికారి, ఒక్కతే ఉంది కదా అని ప్రకటన ఇచ్చిన యాజమాన్యం, బిడ్డను చూసుకున్న ఇల్లు. ‘స్ఫూర్తిదాయక మహిళలు’ అని బ్యానర్ కట్టేటప్పుడు మన క్యాంపస్‌లు వాళ్ల పట్టుదలను మాత్రమే పొగిడి తప్పించుకుంటాయి. వాళ్లకు మేం ఏం చేశాం, ఏం చేయలేదు అన్న ప్రశ్న వేదిక మీదికి రాదు.

చేయకపోతే ఎలా ఉంటుందో కూడా చరిత్రలో ఉంది. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయంలో మొదటి స్థానంలో వచ్చిన కమలా భాగవత్, తర్వాత కమలా సొహోనీ, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరడానికి వెళ్తే సి.వి.రామన్ అంతటివాడు ఆడపిల్లలను చేర్చుకోను పొమ్మన్నారు. ఆమె కదల్లేదు. చివరికి ఆయన షరతుల మీద ఒప్పుకున్నారు. ఏడాది పాటు రెగ్యులర్ విద్యార్థిగా లెక్కించరు, గైడు చెప్తే రాత్రిళ్లు కూడా పనిచేయాలి, తోటి మగవాళ్ల ధ్యాస చెడగొట్టకూడదు. ఆ మూడో షరతు ఎవరికి పెట్టాలో వాళ్లకు పెట్టలేదన్నది మా అభిప్రాయం. ఏడాది గడిచాక ఆమె పని చూసి ఆయన సంస్థ తలుపు మరికొందరు అమ్మాయిలకూ తీశారు. కమల 1939లో కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ అందుకున్నారు. సైన్స్‌లో ఆ డిగ్రీ పొందిన మొదటి భారతీయ మహిళ. రామన్ గొప్ప శాస్త్రవేత్త, అనుమానం లేదు. ఆ ఏడాది పొడుగునా పరీక్ష మాత్రం ఆయనకే జరిగిందని మాకనిపిస్తుంది.

మన దగ్గరకొద్దాం. హైదరాబాద్ కోఠీలో మహిళా కాలేజీ 1924లో మొదలైంది. అది ఉన్న భవనం బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించుకున్నది. తోటలో ఆ భవనానికే చిన్న నమూనా ఒకటి కట్టించారు. ఆయన భార్య ఖైరున్నిసా పరదా చాటున ఉండేది కనుక అసలు భవనం ముందుకు వచ్చి చూడలేక, నమూనాలో చూసుకునేదని చెబుతారు. ఇప్పుడు ఆ భవనం ముందున్న సింహాల బొమ్మల మధ్య మెట్లెక్కి పోయేది ఆడపిల్లలే, చేతిలో ఫోను, భుజాన బ్యాగు, నోట్లో నిన్నటి ఇంటర్నల్స్ కబుర్లు. 2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన కౌలు పొలంలో పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఐలమ్మ పేరు ఒక విశ్వవిద్యాలయం గేటు మీద ఉండటం మాకు సంతోషం. గేటు లోపల క్లాస్‌రూములు, ప్రొఫెసర్ల పోస్టులు ఆ పేరుకు తగ్గట్టుండాలి.

అంకెలు చూస్తే ఇవాళ అమ్మాయిలు తలుపు దగ్గర ఆగిపోవడం లేదు. కేంద్రం ఉన్నత విద్య సర్వే 2021-22 ప్రకారం దేశంలో 4.33 కోట్ల విద్యార్థుల్లో 2.07 కోట్లు అమ్మాయిలే. అధ్యాపకుల్లో మాత్రం ఆడవాళ్లు 43 శాతం. ఇంకా పైకి, విభాగాధిపతుల గదుల వైపు, పాలకమండళ్ల వైపు నడిస్తే చీరలు కనబడటం తగ్గిపోతుందని తెలియడానికి సర్వే అక్కర్లేదు. వైస్ ఛాన్సలర్ గారి ఆఫీసు బయట గోడ మీద పాత వీసీల ఫొటోలు వరుసగా ఉంటాయి, ఒకసారి లెక్కపెట్టుకుంటూ నడవండి.

ఐఐటీలు 2018 నుంచి అదనపు సీట్లు పెట్టి అమ్మాయిల వాటాను రెండేళ్లలో 20 శాతానికి తెచ్చాయి. అంతకుముందు పది శాతం కూడా లేదు. అంటే చేయాలనుకుంటే పని అవుతుంది. పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని యూజీసీ 2016లో నిబంధన చేసింది. లలిత కాలానికి ఊహలో లేని సంగతి అది. కాగితం మీద ఉన్న సెలవు అడగడానికి గైడు గది బయట నిలబడి టెన్షన్ పడే అమ్మాయిలు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. ‘ఇప్పుడే పెళ్లా, ఇప్పుడే పిల్లలా’ అని ఒక్కమాట విసిరితే చాలు, నిబంధన ఫైల్లోనే ఉండిపోతుంది. లైబ్రరీ రాత్రి పన్నెండు దాకా తెరిచి, లేడీస్ హాస్టల్ గేటు ఎనిమిదికే మూసే క్యాంపస్ మార్చి 8న ఎంత పెద్ద కేకు కోసినా ఏం లాభం?

సన్మానాలు మానేయమని మేం అనడం లేదు. శాలువా కప్పేముందు ఆమెకు పావుగంట మైకు ఇవ్వండి. తన పనేమిటో, ఎక్కడ చేతులెత్తేసిందో, ఎవరు సాయం చేశారో, ఎవరు అడ్డుపడ్డారో చెప్పనివ్వండి. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు ఆ పావుగంట వినాలి, ఫోను చూసుకోకూడదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎలక్ట్రికల్ ల్యాబులు చాలానే ఉన్నాయి, ఒకటి రెండింటికైనా లలిత పేరు పెట్టండి. పాత రిజిస్టర్లు తీసి, మీ క్యాంపస్‌లో మొదట చేరిన అమ్మాయి ఎవరో, మొదటి అధ్యాపకురాలు ఎవరో వెతికించండి. ఆ పని హిస్టరీ విద్యార్థినులకే ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు, మార్కులు కూడా వస్తాయి. చెదలు పట్టకముందే తీస్తే మేలు.

మా వంతు పని మేం మొదలుపెట్టాం. ఈ మార్చి నుంచి విశ్వవిద్యాలయాల సభల వార్తల్లో సన్మానం అందుకున్న మహిళల పేర్లు, వాళ్లు చేసిన పని మొదటి పేరాలోనే ఉండాలని విలేఖరులకు, డెస్కుకు చెప్పాం. నోటులో ఆ వివరాలు లేకపోతే ఫోన్ చేసి అడగాలి. ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, గౌరవ అతిథుల విషయానికొస్తే, చోటు సరిపోకపోతే వారిని తదితరులు అని రాస్తాం.