ఇంటికి వచ్చిన మిషనరీ కుటుంబాన్ని ఎవరు చేర్చుకుంటారు?

నాలుగైదేళ్లు పరాయి చోట సేవ చేసిన మిషనరీ కుటుంబం కొన్ని నెలల కోసం స్వదేశానికి వస్తుంది. చూసేవాళ్లకు అది సెలవు. వచ్చిన మొదటి ఆదివారమే కుటుంబాన్నంతటినీ వేదిక మీదికి పిలుస్తారు. తండ్రి చేతికి మైకు ఇస్తారు. తల్లి పక్కన నిలబడుతుంది. పిల్లలను సేవా క్షేత్రపు భాషలో ఒక పాట పాడమంటారు. చప్పట్లు, ప్రార్థన, కానుక. మరుసటి ఆదివారం ఇంకో ఊరు, ఇంకో సంఘం (చర్చి), అదే వరుస, అదే పాట. తిరిగి వెళ్లే రోజు దగ్గరపడేసరికి ఆ కుటుంబం వచ్చిననాటి కంటే ఎక్కువ అలసిపోయి ఉంటుంది.

దీనికి ఏ ఒక్క సంఘాన్నో నిందించి లాభం లేదు. మిషనరీని పంపడానికి మనకు ఒక క్రమం ఉంది. ప్రతిష్ఠ ఆరాధన ఉంది, చేతులుంచి చేసే ప్రార్థన ఉంది, పోషణకు మాట ఇచ్చినవారి జాబితా ఉంది. తిరిగి వచ్చినవారిని చేర్చుకోవడానికి మాత్రం ఏ క్రమమూ లేదు. స్వదేశంలో గడిపే ఈ నెలలు కూడా సేవలో భాగమే. చాలా కుటుంబాలకు అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. ఈ సంగతి గుర్తించనంత కాలం మనం వారిని ప్రేమతోనే అలసగొడుతూ ఉంటాం.

అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చివర్లో పౌలు, బర్నబా తమను పంపిన అంతియొకయ సంఘానికి తిరిగి వస్తారు. సంఘాన్ని సమకూర్చి, దేవుడు తమ ద్వారా చేసిన కార్యాలన్నీ వివరిస్తారు. ఆ వెంటనే మరో చిన్న వాక్యం ఉంది. వారు శిష్యుల దగ్గర చాలా కాలం గడిపారట. మొదటి వాక్యం మన మిషనరీ సభలన్నిటికీ ఆధారం. రెండోదాన్ని ఎవరూ ఎత్తరు. అదే అధ్యాయంలో లుస్త్రలో జనం పౌలును రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకొని పట్టణం బయటికి ఈడ్చి పారేశారు. అలాంటి మనిషి ఇంటికి వస్తే అంతియొకయ సంఘం ఆయన చెప్పింది వింది, తన మధ్య ఉండనిచ్చింది. ఊరూరా తిప్పినట్టు అక్కడ రాసి లేదు.

స్వదేశానికి రావడం చిన్న విషయం కాదనడానికి మన తెలుగు నేల చరిత్రే సాక్ష్యం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చారు. తర్వాత నెల్లూరు కేంద్రంగా పనిచేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు పాతికేళ్ల తర్వాత కూడా ఇక్కడ చూపించుకోవడానికి పెద్దగా లెక్కలు లేవు. 1862లో ఆ మిషన్‌ను మూసేయాలన్న ఆలోచన మరోసారి బలపడింది. అప్పుడు నెల్లూరులో పనిచేసిన మిషనరీ లైమన్ జ్యూవెట్ ఆరోగ్యం చెడి స్వదేశంలోనే ఉన్నారు. మీరు ఆపేసినా నేను మాత్రం తెలుగువారి దగ్గరికే తిరిగి వెళ్తాను, అక్కడే బతుకుతాను, అక్కడే చనిపోతాను అని ఆయన తేల్చి చెప్పారు. అలాగైతే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఒకరిని పంపక తప్పదని మిషన్ కార్యదర్శి అన్నారని మిషన్ చరిత్రలు చెబుతాయి. అలా జ్యూవెట్‌తో కలిసి 1865లో నెల్లూరు చేరిన యువకుడే జాన్ క్లౌ. ఆయన సేవలోనే 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య తెలుగు క్రైస్తవులు చాలామందికి కంఠస్థం. దాని వెనక జబ్బుపడి ఇంటికి వచ్చిన ఒక మనిషి ఉన్నాడన్నది అంతగా గుర్తుండదు. జ్యూవెట్ గొప్ప ఫలితాలు చెప్పి సభను ఒప్పించలేదు. ఫలితాలు లేని పనిని గురించి నిజం దాచకుండా మాట్లాడారు. ఆ మాటను విని తట్టుకోగలిగినవారు అక్కడ ఉన్నారు.

ఇప్పుడు అలాంటి నిజం చెప్పగలిగే చోటు ఎంతమందికి ఉంది? పోషణ చందాల మీద నడిచే కుటుంబానికి ప్రతి సాక్ష్యమూ ఒక లెక్క అప్పజెప్పడమే. ఎంతమంది రక్షణ పొందారు, ఎన్ని కూడికలు మొదలయ్యాయి, ఎన్ని గ్రామాలు తిరిగారు అని అడుగుతారు. మూడేళ్లలో ఒక్కరూ మారలేదని, తోటి సేవకులతో పొసగక కుమిలిపోయామని, ప్రార్థన చేయబుద్ధి కాని నెలలు గడిచాయని ఆ వేదిక మీద ఎవరు చెప్పగలరు? చెబితే మరుసటి నెల కానుక తగ్గుతుందేమోనన్న భయం ఉంటుంది. దాంతో చెప్పవలసినవి గొంతులోనే ఉండిపోతాయి. అలా ఉండిపోయినవే కొన్నాళ్లకు జబ్బుగానో, రాజీనామాగానో బయటికి వస్తాయి. ఇందులో కానుక ఇచ్చేవారి బాధ్యత చాలా ఉంది. డబ్బు ఇచ్చినవారికి వివరం అడిగే హక్కు ఉంది, కాదనను. అయితే ఫలితాన్ని బట్టి కానుక పెంచడం, తగ్గించడం మొదలుపెడితే మనకు సాక్ష్యాలు అందవు, ప్రకటనలు అందుతాయి.

మిషనరీ అదోనీరామ్ జడ్సన్ 1812లో అమెరికా విడిచి వెళ్లి బర్మాలో స్థిరపడ్డారు. మళ్లీ స్వదేశాన్ని చూసింది 33 ఏళ్ల తర్వాత, 1845లో. దారిలోనే భార్య సారా చనిపోయింది. ఆమెను సెయింట్ హెలెనా దీవిలో పాతిపెట్టి, ముగ్గురు పిల్లలతో ఆయన బోస్టన్ చేరారు. గొంతు వ్యాధి వల్ల మాట పైకి రాదు. అయినా సభలు ఆగలేదు. ఆయన పక్కవారి చెవిలో చెబితే వారు గట్టిగా జనానికి వినిపించేవారు. కొత్తగా భార్యను పోగొట్టుకున్న మనిషి చెవిలో చెప్పిన మాటను మరొకరు ఎత్తి చెబుతుంటే వినడానికి జనం కిక్కిరిసి వచ్చేవారు. ఆ జనం ప్రేమను నేను శంకించడం లేదు. ఆయనకు అప్పుడు కావలసింది సభేనా అన్నదే నా ప్రశ్న. మరుసటి ఏడాది బర్మాకు ఓడ ఎక్కినప్పుడు ఆ ముగ్గురు పిల్లలూ అమెరికాలోనే ఉండిపోయారు. వారిని ఆయన మళ్లీ చూడలేదు.

భార్యల సంగతి ఇంకా తక్కువ వినిపిస్తుంది. ఆఫ్రికాలో పనిచేసిన మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ 1852లో భార్య మేరీని, నలుగురు పిల్లలను కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కించి బ్రిటన్‌కు పంపి, తాను ఆఫ్రికా లోపలికి వెళ్లిపోయారు. మేరీ మిషనరీ రాబర్ట్ మొఫాట్ కుమార్తె, పుట్టింది ఆఫ్రికాలోనే. భర్త స్వదేశం ఆమెకు పరదేశం. నాలుగేళ్లకు పైగా ఆమె డబ్బుకు ఇబ్బంది పడుతూ, ఒకచోట నిలకడ లేకుండా పిల్లలను నెట్టుకొచ్చింది. 1856 చివర్లో లివింగ్‌స్టన్ తిరిగి వచ్చేసరికి దేశమంతా ఆయనకు నీరాజనం పట్టింది. ఆ నాలుగేళ్లూ మేరీ చేసింది కూడా సేవేనని ఆనాడు ఎందరు అనుకున్నారో!

నేటికీ స్వదేశపు నెలల్లో ఇల్లు నడిపే భారం ఎక్కువగా తల్లి మీదే పడుతుంది. ఎవరో ఖాళీగా ఉన్న ఇల్లు మూడు నెలలకు ఇస్తారు, తర్వాత ఇంకో ఇల్లు వెతకాలి. చదువుల ఏడాది మధ్యలో పిల్లలను ఏ బడి చేర్చుకుంటుందో కనుక్కోవాలి. ఏళ్లుగా వాయిదా వేసిన పళ్ల వైద్యం, కళ్ల పరీక్షలు, మలేరియా మిగిల్చిన నీరసం అన్నీ ఈ నెలల్లోనే చూసుకోవాలి. వాడకం లేక నిలిచిపోయిన బ్యాంకు ఖాతా, గడువు తీరిన గుర్తింపు పత్రాలు ఉంటాయి. ఈలోగా వృద్ధులైన తల్లిదండ్రులు మంచం పట్టి ఉంటారు. ఇన్నాళ్లూ వారిని చూసుకున్న అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఇప్పుడైనా మీ వంతు చూడండని అనకుండానే అంటారు. వీటి మధ్య వారానికి మూడు స్త్రీల కూడికల్లో ఆమె సాక్ష్యం చెప్పాలి, నవ్వు మొహంతో. క్షేత్రంలో ఆమె నర్సు కావచ్చు, ఉపాధ్యాయిని కావచ్చు, భాషను భర్త కంటే బాగా నేర్చుకున్నది ఆమే కావచ్చు. సంఘం వేదిక మీద మాత్రం ఆమెను "వారి సతీమణి" అని పరిచయం చేస్తారు.

పిల్లల దగ్గర ఆగి చెప్పాలి. చాలా ఇళ్లలో మిషనరీ కుటుంబపు ప్రార్థన కార్డు ఒకటి గోడకో తలుపుకో అంటించి ఉంటుంది. ఫొటోలో చిన్నమ్మాయికి రెండేళ్లు. కార్డు ఇచ్చినవారు సేవకు వెళ్లి తిరిగి వచ్చేసరికి ఆమెకు ఏడేళ్లు. ఆ ఇంటివారు రోజూ ఆమె పేరు చెప్పి ప్రార్థించారు కాబట్టి, తమ బిడ్డలాగే దగ్గరికి తీసుకోబోతారు. పిల్ల తల్లి వెనక దాక్కుంటుంది. ఆమెకు వారు కొత్త మనుషులు. పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, తల్లి క్షమాపణ చెబుతుంది. పిల్లది ఏమిటి తప్పు? ఆమెకు తెలిసిన చెట్లు, స్నేహితులు, ఆటలు అన్నీ వదిలి వచ్చిన చోటే ఉన్నాయి. అందరూ ఇంటికి వచ్చావంటారు, ఆమెకు ఇల్లు వదిలి వచ్చినట్టుంటుంది.

ఇది కొత్త సమస్య కాదు. లండన్ దగ్గర మిషనరీల కుమార్తెల కోసం 1838లో, కుమారుల కోసం 1842లో ప్రత్యేకంగా బడులు పెట్టవలసి వచ్చింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు గెలిచిన ఎరిక్ లిడెల్ చైనాలో పుట్టిన మిషనరీ బిడ్డ. ఆరేళ్ల వయసులో ఆయనను, అన్నను ఆ కుమారుల బడిలో చేర్చి తల్లిదండ్రులు చైనాకు తిరిగి వెళ్లారు. భారతదేశంలోనూ కొడైకెనాల్‌లో 1901లో మొదలైన బడి అమెరికన్ మిషనరీల పిల్లల కోసమే. ఇలా రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లల గురించి 1950లలో మన దేశంలోనే పరిశోధన చేసిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్, వారిది తల్లిదండ్రుల సంస్కృతీ కాని, పెరిగిన చోటి సంస్కృతీ కాని మూడో సంస్కృతి అన్నారు. మన సంఘాల్లో ఈ అవగాహన ఇంకా వేళ్లూనుకోలేదు. మిషనరీ బిడ్డ అంటే బుద్ధిమంతుడు, వాక్యం కంఠస్థం వచ్చినవాడు, ఎప్పుడూ సంతోషంగా ఉండేవాడు అన్న భారం మోపుతున్నాం. ఆ పాట పాడమనడం మానేస్తే చాలు, వారికి సగం ఊపిరి అందుతుంది.

పెద్దలకు కూడా స్వదేశం వదిలి వెళ్లినట్టే ఉండదు. బ్రిటిష్ మిషనరీ లెస్లీ న్యూబిగిన్ దశాబ్దాలు దక్షిణ భారతంలో పనిచేసి, మద్రాసు బిషప్పుగా విరమించి 1974లో ఇంగ్లండ్ చేరారు. సువార్త పట్ల అక్కడ ఎదురైన నిర్లక్ష్యం భారతదేశంలో తాను చూసిన దేనికంటే కఠినంగా ఉందని ఆయన భావించారు. అయినా చేతులు కట్టుకు కూర్చోలేదు. బర్మింగ్‌హామ్‌లో జైలు ఎదురుగా ఉన్న ఒక చిన్న సంఘానికి కాపరి అయ్యారు. బయట ఏళ్ల తరబడి ఉండి వచ్చినవారికి మనకు కనిపించనివి కనిపిస్తాయి. ఆ చూపు సంఘానికి అవసరం. కానీ మనం వారిని క్షేత్రం గురించే అడుగుతాం, మన గురించి ఏమనిపిస్తోందని అడగం.

దూర దేశాలకు వెళ్లినవారిదే ఈ కథ అనుకోనక్కర లేదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన సేవకులను పంపింది మన డోర్నకల్ ప్రాంతానికే. భాష వేరు, తిండి వేరు, నీళ్లు వేరు. నేడు దేశంలోనే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లి సేవ చేసే కుటుంబాలకు ఇల్లు ఒక రైలు ప్రయాణం దూరంలోనే ఉందన్న కారణంతో ఈ కష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రైలులో వచ్చినా పిల్లకు ఆ ఏడేళ్ల బెరుకు ఉంటుంది, తల్లికి ఆ పత్రాల వేట ఉంటుంది.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. మొదటి నెల ఏ వేదికకూ పిలవకూడదు, దీన్ని సంఘ పెద్దలు ముందే నిర్ణయించి మిగతా సంఘాలకు తెలియజేయాలి. కుటుంబం బయలుదేరక ముందే ఇంటి సంగతి, బడి సంగతి చూసే ఇద్దరు ముగ్గురిని నియమించాలి. చందాతో సంబంధం లేని ఒక చిన్న బృందం భార్యాభర్తలు చెప్పేది విడివిడిగానూ, కలిపీ వినాలి. అక్కడ చెప్పింది నివేదికల్లోకి ఎక్కకూడదు. పర్యటన ఎన్ని సంఘాలకు అన్నది కుటుంబమే తేల్చుకోవాలి, భార్య మాటకు అందులో సమాన విలువ ఉండాలి. మిషన్ సంస్థలు కూడా స్వదేశపు నెలలను వసూలైన మొత్తంతో కొలవడం మానాలి.

అన్నిటికంటే కరుకైనది ఆఖరి తిరుగు ప్రయాణం. ముప్పై ఏళ్ల సేవ తర్వాత వచ్చే దంపతులకు చాలాసార్లు సొంత ఇల్లు ఉండదు, పింఛను అంతంత మాత్రం. వయసు వల్ల వచ్చే జబ్బులు మాత్రం అందరికీ వచ్చినట్టే వస్తాయి. మరో పదేళ్లలో తిరిగి రాబోయే కుటుంబం పేరు ఇప్పటికే సంఘం పుస్తకంలో ఉంది. వారి కోసం ప్రతి నెలా కొంత విడిగా జమ చేసే ఖాతా ఏ సంఘంలో ఉందో, ఏ సంఘంలో లేదో రాబోయే వార్షిక సభలోనే లెక్కలు తీసి చూడాలి.