మూడు పాయింట్ ఆరు

మెట్రిక్ పద్ధతి వల్ల మన సమాజానికి జరుగుతున్న నష్టం గురించి ఎవరూ నోరు విప్పడం లేదు. కాబట్టి ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను.

1956లో చట్టం తెచ్చారు, 1958 అక్టోబరులో అమలు మొదలుపెట్టారు. పది మిల్లీమీటర్లు ఒక సెంటీమీటరు, వంద సెంటీమీటర్లు ఒక మీటరు, వెయ్యి మీటర్లు ఒక కిలోమీటరు. పాయింటును అటో ఇటో జరిపితే లెక్క తేలిపోతుంది. ఇంత సులువైతే పెద్దమనుషులకు పనేముంటుంది? అదే హన్మకొండలో ప్లాటు బేరం చూడండి. 121 గజాలు ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. నలుగురు కూర్చోవాలి, చాయ్ రావాలి, లెక్క రెండుసార్లు తప్పాలి. గజం పొడవా, వైశాల్యమా అని అడిగినవాడు కొనే మనిషి కాదని అందరికీ అర్థమైపోతుంది. కాగితంలో పక్కనే చదరపు మీటర్లు కూడా రాస్తారు. 200 గజాలు అక్కడ 167.2 అవుతాయి. ఆ అంకెను చదివిన మనిషి నాకింకా ఎదురుపడలేదు.

వానది ఇంకో కథ. ఆకాశం నుంచి మిల్లీమీటర్లలో పడుతుంది. శ్రీరాంసాగర్‌లో చేరగానే అడుగులవుతుంది, 1091 అడుగులకు ప్రాజెక్టు నిండుతుంది. నిల్వ చెప్పేటప్పుడు టీఎంసీ, గేటు దాటితే క్యూసెక్కులు. కాకతీయ కాలువ పట్టుకొని పొలానికి వచ్చేసరికి "రెండెకరాలు తడిసింది" అవుతుంది. దారి పొడుగునా ఇన్ని వేషాలు మార్చేది నీళ్లొక్కటే.

మీటరుకు మాత్రం స్థిరత్వం ఉందా? మొదట ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటోవంతు అన్నారు. తర్వాత లోహపు కడ్డీ అన్నారు. 1983 నుంచి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెలుతురు పోయే దూరం అంటున్నారు. భద్రకాళి గుడి దగ్గర పూలమ్మే ఆమె మూర మాత్రం మోచేతి నుంచి వేలి కొస దాకానే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఇక నా ఇంటి సంగతి. పక్క సందుకు గేటు పెట్టించాలని కొలిచాను, మూడు అడుగుల ఆరు ఇంచులు. అందరూ అన్నట్టే "మూడు పాయింట్ ఆరు" అన్నాను. సెలవులకు వచ్చిన బీటెక్ మేనల్లుడు, "మామా, సెంటీమీటర్లలో రాసిద్దాం, తప్పు జరగదు" అన్నాడు. అడుగుకు 30.48 సెంటీమీటర్లు కదా అని ఫోన్‌లో 3.6ను దానితో గుణించి, 109.7 అని చీటీ మీద రాశాడు. వెల్డర్ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, టేపు కింది అంచు మీద దుమ్ము తుడిచాడు. పై అంచున ఇంచులున్న చోట గీతలు అరిగిపోయి ఉన్నాయి. కింద సెంటీమీటర్లు కొత్తగా మెరిసిపోతున్నాయి.

గేటు వచ్చింది. సందు 106.7 సెంటీమీటర్లే ఉంది.

"గేటు మంచిగనే ఉంది సార్. మీ సందే తక్కువైంది" అన్నాడు వెల్డర్. ఆయన మాటలో న్యాయం ఉంది. మూడున్నర అడుగులను మూడు పాయింట్ ఆరు అనడం ఊరంతా చేసే పనే, కాబట్టి నా తప్పు కాదు. ఫోన్ లెక్క తప్పదు, కాబట్టి అల్లుడి తప్పూ కాదు. ఎవరి జోలికీ పోకుండా ఒంటరిగా దొరికింది మీటరే. తప్పు దాని మీద వేసేశాం.

పిల్లరు చెక్కాలని తేలింది. అల్లుడు మళ్లీ ఫోన్ తీసి, "3.05 సెంటీమీటర్లు, అంటే ముప్పైన్నర మిల్లీమీటర్లు" అన్నాడు. వెల్డర్ అతని వైపు చూడలేదు. రెండు వేళ్లు జోడించి పిల్లరు మీద ఆనించి, "గింత" అన్నాడు. మేస్త్రీ తలూపాడు.

గేటు ఇప్పుడు పడుతోంది. పక్కన పిల్లి దూరేంత సందు మిగిలింది. వెల్డర్ చూపించింది తన వేళ్లు, మేస్త్రీ చెక్కింది తన వేళ్లతో కొలుచుకొని.