తరగతి గదిలో తెరకూ ఒక వంతు

గోదావరి డెల్టాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు ట్యాబ్ కొత్త వస్తువు కాదు. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీని మొదలుపెట్టింది. సరిగ్గా ఏడాదికి రెండో విడతగా మరో నాలుగు లక్షలకు పైగా పంచింది. మొదటి విడత అందుకున్న పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి బడి దాటి వెళ్లారు. ఈలోగా ప్రభుత్వం మారింది, పథకాల పేర్లు మారాయి. ఆ పరికరం పిల్లల చదువుకు ఏం చేసిందన్న అసలు ప్రశ్న మాత్రం పంచినవారి ప్రచారానికీ, కాదన్నవారి విమర్శకూ మధ్య నలిగిపోయింది. రాజకీయాలను పక్కనపెట్టి ఆ ప్రశ్నను తిరిగి అడగవలసిన బాధ్యత తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ, పత్రికలకూ ఉందని మేము నమ్ముతున్నాము.

ఉన్నత పాఠశాల తరగతి గదిలో ట్యాబ్, ల్యాప్‌టాప్ ఉండాలన్నదే మా అభిప్రాయం. అయితే అవి పిల్లల సంచుల్లో కాదు, బడి బీరువాలో ఉండాలి. ఏ పాఠానికి, ఏ రోజున, ఎంతసేపు తీయాలో ఉపాధ్యాయుడు నిర్ణయించాలి; పని పూర్తయ్యాక అవి తిరిగి బీరువాకే చేరాలి. ఈ పద్ధతి డెల్టా రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ నేలకు నీళ్లు తెచ్చిందన్నది సగం మాటే. లాకులు, తూములు, వాటిని ఎత్తే దించే లస్కర్లు లేకుంటే అదే నీరు ఒక చేనుకు ముంపు, పక్క చేనుకు ఎండు అయ్యేది. నీరు తగ్గిన దాళ్వాలో (రబీ పంటలో) వంతులవారీగా కాలువలు వదిలితే చివరి ఆయకట్టు కూడా పండుతుంది. తరగతి గదిలో తెరకూ అలాంటి వంతే కావాలని మేము కోరుతున్నాము.

ఆ వంతు చిన్నదిగా ఉండాలనడానికి మొదటి కారణం చదవడం, రాయడం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ రూపొందించి 2024 జనవరిలో వెలువరించిన అసర్ విద్యా నివేదిక 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతను పరీక్షించింది. వారిలో నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క సగానికి మించిన వారికి రాలేదు. ఇది 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో తీసిన లెక్క. మన మండలాలు దీనికి పూర్తిగా మినహాయింపని ఏ ఉపాధ్యాయుడూ ధైర్యంగా చెప్పడు. చదవడమే సరిగా రాని పిల్లవాడి చేతిలో వీడియో పాఠం పెడితే అతడు వింటాడు, చూస్తాడు, అర్థమైందనే అనుకుంటాడు. చదవడం మాత్రం అప్పటికీ రాదు. పైగా మన పదో తరగతి పరీక్ష నేటికీ కలం, కాగితాలతోనే జరుగుతుంది. వంద మార్కుల పేపరుకు 3 గంటల 15 నిమిషాలు చేయి నొప్పెట్టేలా రాయాలి. రెండేళ్లపాటు జవాబులను వేలితో తాకి ఎంచుకోవడమే అలవాటైన పిల్లవాణ్ణి, మూడో ఏట మార్చి నెలలో పేజీలకు పేజీలు రాయమనడం న్యాయం కాదు.

పరాయి దేశాల అనుభవం కూడా ఇటే చూపుతోంది. పెరూ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన తరువాత, 319 బడుల్లో జరిగిన పరిశీలన 2012లో వెలువడింది. లెక్కల్లోగానీ భాషలోగానీ మెరుగుదల కనిపించలేదని అది తేల్చింది. బడులను డిజిటల్‌మయం చేయడంలో ముందు నడిచిన స్వీడన్ 2023లో అచ్చు పుస్తకాలకు, చేతిరాతకు తిరిగి ప్రాధాన్యమిస్తామని ప్రకటించింది. పదిహేనేళ్ల విద్యార్థుల నైపుణ్యాన్ని దేశాలవారీగా పోల్చే పీసా పరీక్షలో 2022లో భారత్ పాల్గొనలేదు గానీ, దాని ఫలితాలు మనకూ పనికివస్తాయి. ఎక్కువగా సంపన్న దేశాలే ఉన్న ఓఈసీడీ కూటమి దేశాల విద్యార్థుల్లో సగటున 65 శాతం మంది, కొన్ని లెక్కల తరగతుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందని చెప్పారు. అదే పరీక్షలో, చదువు కోసం బడిలో రోజుకు గంటలోపు పరికరాలు వాడినవారు అసలు వాడనివారికంటే లెక్కల్లో సగటున 14 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. పరికరమే ఆ తేడా తెచ్చిందని దీన్నిబట్టి రుజువు కాదు. అయినా పూర్తిగా వద్దనేవారు ఆ రెండో మాటనూ, రోజంతా కావాలనేవారు ఆ మొదటి మాటనూ దాటవేయకూడదు.

బడిలో అసలు వద్దు, కావాలంటే ఇంట్లో చూసుకుంటారు అనే వాదన డెల్టా ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోవడం చూసి విసిగిన తల్లిదండ్రులు ఆ మాట అనడంలో తప్పులేదు. కానీ ఇంట్లో ఆ పరికరం ఎవరి చేతికి వెళుతుందో మనం నిజాయతీగా చూసుకోవాలి. పైన చెప్పిన అసర్ నివేదిక ప్రకారం, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన యువకుల్లో సొంత ఫోన్ ఉన్నవారు 43.7 శాతం కాగా, అమ్మాయిల్లో 19.8 శాతమే. ఇంటికి ఒక్కటే ఫోన్ ఉన్నప్పుడు సాయంత్రం అది అన్నయ్య చేతిలో ఉంటుంది. చెల్లెలు అంట్లు తోముతూ ఉంటుంది. ఇది మనందరికీ తెలిసిన దృశ్యం. తరగతి గదిలో పరికరాన్ని వంతుల ప్రకారం అందరి ముందూ పెడితేనే ఆ అమ్మాయికి కూడా నలభై నిమిషాలు నిండుగా దక్కుతాయి. ఆడపిల్లకు చదువెందుకని అన్న రోజుల్లో, 1874లోనే, కందుకూరి వీరేశలింగం పంతులు బాలికల పాఠశాల తెరిచింది ఈ ధవళేశ్వరంలోనే. ఆ నేల మీద ఉండి ఆడపిల్లకు కొత్త పనిముట్టు దక్కడాన్ని ఇంటి దయకు వదిలేయడం మాకు సమ్మతం కాదు. చూపు మందగించిన పిల్లవాడికి అక్షరాన్ని పెద్దది చేసి చూపే, చూపే లేని పిల్లకు పాఠాన్ని చదివి వినిపించే సాధనం కూడా ఇదే. వారి విషయంలో వంతుల నియమాన్ని సడలించి, అవసరమైనంతసేపు పరికరాన్ని వారి దగ్గరే ఉంచాలి.

ఇక ఆ నలభై నిమిషాల్లో ఏం చేయాలి? ఏ పాఠం నల్లబల్ల మీద సరిగా రాదో ఆ పాఠానికే తెరను వాడాలని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు చెబుతారు. ఉదాహరణకు నదుల పాఠం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలడం, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలవడం సుద్దముక్కతో గీయవచ్చు. కానీ ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, తన ఊరి లంక (ఏటి మధ్య దీవి) ఎక్కడుందో పిల్లవాడు తానే వెతికి పట్టుకున్నప్పుడు, ఏ ఒడ్డున ఏరు కోస్తోందో, ఏ ఒడ్డున ఇసుక మేట వేస్తోందో తన కళ్లతో చూసినప్పుడు, ఆ పాఠం అతడిదవుతుంది. ఆ తరువాత ట్యాబ్ మూయించి, వీలైతే పిల్లలను ఏటిగట్టు మీదికి తీసుకెళ్లి, చూసినదాన్ని తెలుగులో ఒక పేజీ రాయించాలి. గుండెలో రక్తప్రసరణకూ, త్రికోణాల ధర్మాలకూ ఇదే వర్తిస్తుంది. పద్యానికి తెర అక్కర్లేదు. అది నోటికి రావాలి.

వెనుకబడిన పిల్లలకు మరో రకం ఉపయోగం ఉంది. ఢిల్లీలో 2015లో బడి వేళల తరువాత నడిచిన కేంద్రాల్లో, పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడని కాక అతడికి నిజంగా ఎంతవరకు వచ్చునో చూసి అక్కడి నుంచి లెక్కలు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ప్రయోగించారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో చెప్పుకోదగ్గ ప్రగతి కనిపించింది. అక్కడ చిన్న బృందాలకు పాఠం చెప్పే మనుషులు కూడా ఉన్నారన్నది మరువరాదు. కేరళ అయితే ఎనిమిది నుంచి పన్నెండో తరగతి వరకు 45,000 తరగతి గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ సమకూర్చింది. అంటే పిల్లవాడికొకటి చొప్పున కాదు, గదికొకటి చొప్పున. మన బడుల్లో బడులను బాగుచేసిన నాడు-నేడు పనుల కింద వచ్చిన ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (తాకితే పనిచేసే పెద్ద తెరలు) ఆ పనికి సరిపోయేవే. ఉన్నవాటిని పనిచేయించుకోవడమే ముందు జరగాలి.

పరికరాలు పనిచేయడం కూడా ఇక్కడ చిన్న సంగతి కాదు. సముద్రతీర మండలాల్లో ఉప్పుగాలి ఇనుమునే తినేస్తుంది. పంటు మీదో పడవ మీదో బడికి వచ్చే లంక పిల్లలున్నారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు లంకల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పుస్తకాల సంచీ అటకెక్కే ఇంట్లో ఖరీదైన పరికరాన్ని కాపాడే భారం ఆ పేద తల్లి మీద పెట్టడం తగదు. బడిలో ఉంచితే ఆ భారం బడిది, మరమ్మతు ఖర్చు ప్రభుత్వానిది అవుతుంది. ఉపాధ్యాయుడి భారం సంగతి కూడా చెప్పాలి. హాజరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు అంటూ యాప్‌ల వెంట పరుగెత్తించిన రోజులను వారింకా మరచిపోలేదు. తెర అంటే తనిఖీ అని భయపడే ఉపాధ్యాయుడు దాన్ని పాఠానికి ప్రేమగా వాడలేడు.

ప్రైవేటు పాఠశాలల్లో కొన్ని ఫీజుతోపాటు ట్యాబ్ ధరను కూడా వసూలు చేస్తున్నాయి. అది చదువు కోసమా, ప్రకటనల కోసమా అని అడిగే హక్కు తల్లిదండ్రులకుంది, అడగాలి కూడా.

జూన్‌లో బడులు తెరిచేలోగా డెల్టా జిల్లాల విద్యాశాఖాధికారులు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి ఉన్నత పాఠశాలలో ఎన్ని ట్యాబ్‌లు, ఎన్ని ప్యానెళ్లు పనిచేస్తున్నాయో లెక్క తీసి నోటీసు బోర్డుపై పెట్టాలి. తాళం ఉన్న బీరువా, చార్జింగ్‌కు సరైన విద్యుత్ లైను ఇవ్వాలి. ఏయే పాఠాలకు తెర అవసరమో ఆయా సబ్జెక్టుల ఉపాధ్యాయులే కూర్చుని నిర్ణయించేలా వేసవిలోనే రెండు రోజుల సమావేశం పెట్టాలి. ఆ పాఠాల జాబితాలో పైఅధికారులు ఒక్క పాఠం కూడా చేర్చకూడదు. ఏడాది చివర పిల్లలకు చదవడం, భాగహారం ఎంత వచ్చాయో పరీక్షించి, ఆ ఫలితాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ ముందు తల్లిదండ్రులకు చదివి వినిపించాలి.