పాలపుంత ఫొటోకు లక్షల కెమెరా కావాలన్న మాట నిజం కాదు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: బిగినర్ కెమెరాతో, దానితోపాటు వచ్చే కిట్ లెన్స్‌తో నక్షత్రాల ఫొటోలు రావు, పెద్ద సెన్సర్ ఉండే ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొనాల్సిందే. ఫొటో వెలుగును పెంచే సెట్టింగు, ఐఎస్ఓ, 800 దాటితే ఫొటో పాడవుతుంది. పాలపుంత కోసం లడఖ్ వెళ్ళాలి. నెట్‌లో కనిపించేవన్నీ ఎలాగూ ఫొటోషాప్ చేసినవే. ఇంట్లో మామూలు కెమెరా ఉన్న పిల్లలు ఇది చదివి, ఒక్క రాత్రి కూడా ప్రయత్నించకుండానే ఆశ వదులుకుంటున్నారు. నాకు బాధగా ఉన్నది అదే.

ముందు కెమెరా సంగతి. కానన్ 1500డి, నికాన్ డి3500 లాంటి బిగినర్ కెమెరాల్లో వెలుగును పట్టే సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నదే. విస్తీర్ణంలో రెండు రెట్లకు పైగా తేడా ఉంటుంది. అంతమాత్రాన ఫొటో రాకుండా పోదు, గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుదనం, కాస్త ఎక్కువ కనిపిస్తుంది. ఒకే దృశ్యాన్ని వరుసగా నాలుగుసార్లు తీసి కలిపితే ఆ గ్రెయిన్ సగానికి తగ్గుతుంది, పదహారు కలిపితే పావు వంతుకు. అలా కలిపి పెట్టే సాఫ్ట్‌వేర్లు సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్ రెండూ ఉచితమే.

కిట్ లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను, అంటే జూమ్ రింగు మీది అంకెను, 18 ఎంఎం దగ్గర పెడితే ఎఫ్ 3.5 వరకు తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు పెరుగుతుంది). భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. ఎంతసేపు ఉంచాలో తెలియడానికి 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, చిన్న సెన్సర్ కాబట్టి మళ్ళీ 1.5తో భాగించండి. దాదాపు 18 సెకన్లు వస్తుంది. 15 పెట్టుకుంటే మేలు. ఇంకా కావాలంటే చాలా కంపెనీల్లో చవగ్గా దొరికే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ చూడండి. నక్షత్రం ఒక బిందువు కాబట్టి, దాని వెలుగు ఎంత పట్టుకుంటామనేది లెన్స్ రంధ్రం వెడల్పును బట్టి ఉంటుంది. కిట్ లెన్స్‌కు అది 5 మిల్లీమీటర్లు, దీనికి దాదాపు 28. సమయం ఆరు సెకన్లకు తగ్గినా కృత్తికలు, మృగశిర చక్కగా వస్తాయి. దూరపు నెబ్యులాలను, అంటే అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలను, దగ్గరగా, వివరంగా తీయాలంటే మాత్రం చుక్కల కదలికతోపాటే కెమెరాను తిప్పే ట్రాకర్ లాంటి ఖర్చు తప్పదు, అక్కడ పోస్టు రాసినవారితో నాకు పేచీ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఐఎస్ఓ మాట. సెన్సర్ మీద ఎంత వెలుగు పడాలో తేల్చేవి లెన్స్ రంధ్రం, షటర్ సమయం. ఐఎస్ఓ ఆ పడిన వెలుగును పెంచి చూపిస్తుందంతే. గ్రెయిన్‌కు అసలు కారణం వెలుగు చాలకపోవడం. భయపడి 400లో తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుగు పెంచితే అదే గ్రెయిన్ బయటపడుతుంది, పాత కానన్ కెమెరాల్లో అయితే ఇంకా ఎక్కువగా. నిశ్చింతగా 1600 గానీ 3200 గానీ పెట్టి, సెన్సర్ పట్టినది పట్టినట్టే దాచే రా ఫార్మాట్‌లో తీయండి.

నిజానికి చాలామంది ఫొటోలు చెడేది ఫోకస్ దగ్గర, పోస్టులో దాని ఊసే లేదు. చీకట్లో ఆటోఫోకస్ పనిచేయదు. లెన్స్ మీటను మాన్యువల్‌కు మార్చి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, బాగా మెరిసే చుక్కను పది రెట్లు పెద్దది చేసి చూడండి. రింగును మెల్లగా తిప్పుతుంటే ఉబ్బిన మసక వృత్తం ముడుచుకుంటూ వచ్చి సూదిమొనంత అవుతుంది. ఇంకొంచెం తిప్పితే మళ్ళీ ఉబ్బుతుంది. వెనక్కి తెచ్చి, అతి చిన్నగా కనిపించిన చోట ఆపి, రింగు కదలకుండా టేపు అంటించండి. ఆ తర్వాత జూమ్ ముట్టుకోవద్దు. చెయ్యి తగిలి కెమెరా కదలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ట్రైపాడ్ లేకపోతే పిట్టగోడ మీద ఇసుక సంచి వేసి దానిమీద పెట్టినా సరిపోతుంది.

ఇక లడఖ్. అక్కడి హాన్లేను 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు, ఆ చీకటికి సాటి లేదు. కానీ పాలపుంత నడిబొడ్డు ధనుస్సు రాశిలో, దక్షిణాకాశంలో ఉంటుంది. హాన్లే నుంచి చూస్తే అది దిక్చక్రానికి 28 డిగ్రీల ఎత్తు దాకానే వస్తుంది, హైదరాబాద్ అక్షాంశం నుంచి 43 డిగ్రీలు దాటుతుంది. ఈ విషయంలో మనమే అదృష్టవంతులం. కావలసింది ఊరి దీపాలకు దూరంగా, దక్షిణం వైపు చీకటిగా ఉండే చోటు, అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులు. మార్చిలో తెల్లవారుజామున మూడు తర్వాత, మే నెలలో అర్ధరాత్రి దాటాక చూడండి. జూన్ నుంచి మబ్బులు అడ్డం. అక్టోబరులో వానలు వెలిశాక, చీకటి పడగానే నైరుతిలో కాసేపు దొరుకుతుంది. వృశ్చికం కనిపెడితే చాలు, తేలు తోక పక్కనే పాలపుంత నడిబొడ్డు. వృశ్చికంలో ఎర్రగా కనిపించే జ్యేష్ఠ నక్షత్రాన్ని పట్టుకుని కిందికి వెళ్తే తోక దొరుకుతుంది.

ఫొటోషాప్ ఆరోపణలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. రా ఫైలు చప్పగా ఉంటుంది, అందులో అప్పటికే నమోదైన వెలుగును కాంట్రాస్ట్ పెంచి బయటికి తీయడం మోసం కాదు. మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు, సెన్సర్‌కు తెలుస్తాయి. అందుకే కంటికి బూడిద రంగులో కనిపించిన పాలపుంత ఫొటోలో రంగుల్లో వస్తుంది. అతికించిన బొమ్మలూ లేకపోలేదు. నిండు పున్నమి చంద్రుడు, ఆ పక్కనే దట్టమైన పాలపుంత ఒకే ఫ్రేములో మెరిసిపోతుంటే దాన్ని నమ్మకండి. ఆ వెన్నెలలో పాలపుంత వెలవెలబోతుంది, ఎంత ఖరీదైన కెమెరా అయినా దాన్ని అలా తీయలేదు.