పాప పోర్ట్‌ఫోలియోలో మొదటి సగం చింపేయాలని మనవి

మా కడపలో ఈమధ్య ఒక ఇంటీరియర్ డిజైనర్ పైకొస్తోంది. పేరు చెప్పను. చెప్పాలన్నా ఒక్క పేరుతో సరిపోదు. ఎర్రముక్కపల్లిలో ఒకతె, ప్రొద్దుటూరులో ఒకతె, అనంతపురంలో నలుగురైదుగురు, కర్నూలులో లెక్కే లేదు. అందరి పోర్ట్‌ఫోలియోలూ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి అందరినీ కలిపి ‘పాప’ అంటాను. సైటు మీద వడ్రంగి నుంచి ఇంటాయన దాకా అందరూ పిలిచేదీ అదే.

పాప పోర్ట్‌ఫోలియో రెండు భాగాలు. చదువుకునేటప్పుడు చేసినవి మొదటిది, చదువయ్యాక డబ్బులకు చేసినవి రెండోది. రెండూ శ్రద్ధగా తిరగేశాక, ఈ జిల్లా పురోగతిని కోరే పౌరుడిగా నాకొకటి తోచింది. మొదటి భాగాన్ని వెంటనే చింపేయాలి. అది ఆ పిల్ల సంపాదనకే కాదు, మనందరి పరువుకూ ముప్పు.

రెండో ఏడాదిలో ఆమె గీసిన ఇల్లు చూడండి. రెండడుగుల మందాన మట్టిగోడలు. గోడల్లో దీపానికొక గూడు, పుస్తకాలకొక గూడు. పడసాల మీద దూలాలు, దంతెలు, వాటి మీద చౌడుమన్ను. వెలుతురు కోసం కప్పులో గవాచి అనే రంధ్రం. కింద నల్ల నాపరాళ్ళు. పక్కన చక్కటి అక్షరాలతో ఒక వివరణ కూడా రాసింది: మందపాటి మట్టిగోడ ఎండవేడిని పీల్చుకుని లోపలికి వదిలేసరికి పొద్దుగూకుతుందట, అప్పటికి గవాచి గుండా వేడిగాలి పైకి పోతుందట, అందుకే మన పాత మిద్దెలు చల్లగా ఉండేవట. అంత చిన్న వయసులో అన్ని విషయాలు తెలిసి ఉండడం మంచిది కాదు. మే నెలలో 43, 44 డిగ్రీలు కాసే ఊళ్ళో ఇల్లు దానంతటదే చల్లబడిపోతే ఏసీలు ఎవరు కొంటారు? స్టెబిలైజర్లు ఎవరు కొంటారు? వాటికి నెలవారీ కంతులు ఎవరు కడతారు? ఒక గవాచి వెనక ఎంతమంది పొట్ట కొట్టే ఆలోచన దాగి ఉందో ఆ పిల్లకు అప్పట్లో తెలిసుండదు.

మూడో ఏడాది పని గురించి నాకు ఫిర్యాదు లేదు, అది హానిలేనిది. తాడిపత్రిలో ఒక హోటల్ రిసెప్షన్. కాన్సెప్టు: పెన్నా ప్రవాహం. కౌంటరు మెలికలు తిరిగి పోతుంది, వెనక గోడ మీద నిజం నీళ్ళ జలపాతం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో గోడల మీద నీళ్ళు పారించడం గొప్ప మనసుంటే తప్ప సాధ్యం కాదు. పెన్న మా వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే పారుతుందని మార్కులు వేసే జ్యూరీలో ఎవరూ గుర్తు చేయలేదట. జ్యూరీ బెంగుళూరు నుంచి వచ్చింది.

ఆఖరి ఏడాది థీసిస్ గండికోట. అది చెప్పనక్కర్లేదు. డిజైన్ చదివిన మా జిల్లా పిల్లలు తలా ఒక రిసార్టు గండికోట అంచున కట్టి గాని కాలేజీ వదలరు. అవన్నీ నిజంగా లేచి ఉంటే ఈపాటికి లోయ కనబడేది కాదు. మా పాప మాత్రం రిసార్టు కట్టకుండా రాతికి మ్యూజియం కట్టింది. కడప నల్లబండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల పాలిష్ రాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గది. లేపాక్షి వీరభద్రాలయంలో మండపం కప్పు నిండా పదహారో శతాబ్దపు బొమ్మలున్నాయి కదా, ఆ బొమ్మల్లోని చీర అంచులు ఏరి చార్టు చేసి, ఫాల్స్ సీలింగ్ లేకుండానే జనం తలెత్తి చూసే కప్పు మనవాళ్ళు ఎప్పుడో చేశారని వాదించింది. మార్కులు బాగా వచ్చాయి. ఆ మార్కులే ఆమెకు దెబ్బ.

ఒకటి ఒప్పుకోవాలి, ఆ త్రీడీ బొమ్మలు బాగుంటాయి. వాటిలో ఎండ రెండు కిటికీల నుంచీ ఒకేసారి వస్తుంది, ఎవరికీ చెమట పట్టదు. పడసాలలో ఒక తెల్లదొర పుస్తకం చదువుకుంటుంటాడు. అరుగు మీద పిల్లి. ఎక్కడా గ్యాసు బండ లేదు, నీళ్ళ డ్రమ్ము లేదు, శనక్కాయల మూట లేదు, గోడకు క్యాలెండరు లేదు. మా జిల్లాలో అలాంటి ఇల్లు నేను ఒక్కటే చూశాను, అది తాళం వేసి ఉంది.

ఇక రెండో భాగం. ఇక్కడ పేజీలు తొందరగా తిరుగుతాయి. హాలు, టీవీ యూనిట్, కడప. హాలు, టీవీ యూనిట్, ప్రొద్దుటూరు. ఇది బంగారం అంగళ్ళ ఊరు కాబట్టి స్టీలు పట్టీలకు బంగారు రంగు. హాలు, టీవీ యూనిట్, పూజగది, కర్నూలు. కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మిషన్ మీద కోసిన ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) జాలీలో ఓంకారం, దాని వెనక లైటు. దేవుడికి ఎదురుగా దీపం పెట్టడం పోయి వెనక నుంచి పెట్టడం వచ్చింది, ఇది ఆగమ శాస్త్రాలకు కూడా అందని మెట్టు.

ఈ మార్పు ఎలా జరిగిందో విచారించాను. మొదటి సైటు మీదే జరిగిందట. పాప ఉత్సాహంగా హాల్లోకి నల్లబండ చూపించింది. ఇంటాయన నమూనా ముక్కను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, అన్నాడట:

“ఏం పాపా, బండలేస్తావా? ఎనుముల కొట్టంలోంచి బయటపడేకి మా నాయనకు నలభై ఏండ్లు పట్టింది. నువ్వు మళ్ళా మమ్మల్ని ఆడికే తోల్తాండావే!”

“అది కాదు సార్, బొంబాయిలో ఇదే వేసుకుంటున్నారు...”

“వాళ్ళేసుకోనీ. వాళ్ళకు ఎనుములు లేవు గదా.”

ఈ మాటకు జవాబు నాలుగేళ్ళ సిలబస్‌లో లేదు. పాప చెప్పిందీ అబద్ధం కాదు. ముంబైలో, పుణెలో వంటింటి గట్టుకు, అలమర అరలకు తరాలుగా మన నల్లబండే వేస్తున్నారు, అక్కడి అంగళ్ళలో దాని పేరే ‘కడప్పా’. ఇప్పుడు దానికి పాలిష్ తీసి గరుకు చేసి ఖరీదైన కాఫీ హోటళ్ళలో నేలకూ పరుస్తున్నారు. కానీ మన బండ మన ఇంటికి రావడం పెద్దమనిషి తరహా కాదు. అందుకని మా ఇంటాయన గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ తెప్పించాడు. నాలుగడుగులు బై రెండడుగులు. మోర్బీలో టైలు మీద ఏ రాయి బొమ్మ కావాలంటే ఆ రాయి బొమ్మ మిషన్‌తో అచ్చేస్తారు. ఆయన ఎంచుకున్నది నల్లరాయి డిజైను.

మన జాతీయ రహదారుల మీద ఒక లారీ నల్లబండలు వేసుకుని పైకి పోతుంటే, ఎదురుగా ఇంకో లారీ నల్లబండ ఫొటోలు వేసుకుని కిందికి వస్తుంటుంది. దేశ సమైక్యతకు ఇంతకన్నా ఏం కావాలి. డ్రైవర్లు దారిలో ఎక్కడో ఒకే దాబాలో తింటూ ఉంటారు కూడా.

చెక్క విషయంలో మా జనం ఇంకా జాగ్రత్తపరులు. ఇంటి సామాను చెక్కకు మామూలుగా ఐఎస్ 303 ముద్ర చాలు, అది మామూలు ప్లైవుడ్ నాణ్యతకు వేసే ముద్ర. కానీ మాకు ఐఎస్ 710 కావాలి. మెరైన్ ప్లై. నీళ్ళలో నానినా అంత తొందరగా చెడనిది. సముద్రం లేని జిల్లాలో, కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని వీధిలో, బీరువాకు పడవ చెక్క వాడడం ముందుచూపు. ప్లై లోపల ఏముందో చూడరు, 710 అంకె కనబడితే కళ్ళకద్దుకుంటారు. పాప చేసిన మెటీరియల్ బోర్డు మీద ఇంటాయన పూర్తిగా చదివిన ముక్క అదొక్కటే.

వంటిల్లు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా సీమ ప్రపంచానికి ఇచ్చిన కానుక అదే. మాడ్యులర్ కిచెన్ చేయించారు. సొరుగు నెడితే దానంతటదే మెల్లగా మూసుకుంటుంది. మూలల్లో తిరిగే పళ్ళెం. పొయ్యి మీద పొగ పీల్చే చిమ్నీ. ఖర్చు లక్షల్లో. గృహప్రవేశం నాడు పాలు పొంగించింది అక్కడే, అదే ఆ పొయ్యికి మొదటి పని, ఇంచుమించు ఆఖరు పని. తర్వాత రోజు ఇంటామె రాగి సంగటి కెలకాలి. సంగటి కెలకాలంటే కుండను కాళ్ళ మధ్య అదిమిపట్టి రెండు చేతులా తెడ్డు తిప్పాలి, అది నిలబడి చేసే పని కాదు. చెనిగ్గింజల పొడి దంచాలంటే రోలు కావాలి. కాబట్టి వెనక ఉతికే చోటులో రెండో పొయ్యి వెలిసింది. దానికి గట్టు కావాలి కదా? ఎక్కడో మిగిలిపోయిన నల్లబండ తెచ్చి రెండిటుకల వరసల మీద పరిచారు. ఇప్పుడు ముందు వంటిల్లు చుట్టాలకు చూపించడానికి, వెనక వంటిల్లు తినడానికి. కడప బండ సొంత జిల్లాలో ఇంట్లో చేరాలంటే పెరటి వాకిలే గతి. పాప పోర్ట్‌ఫోలియోలో ముందు వంటింటి ఫొటోలు ఆరున్నాయి. ఆమె థీసిస్‌లోంచి నిజంగా కట్టింది వెనక వంటిల్లొక్కటే అని నా అభిప్రాయం, దానికి ఫొటో లేదు.

జ్యూరీ అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. కాలేజీలో జ్యూరీ చివరి రోజున వస్తుంది, సైటులో వాస్తు సిద్ధాంతి పని సగమయ్యాక వస్తాడు. ఫాల్స్ సీలింగ్ వేసి, వైరింగ్ లాగి, రంగు మొదటి పూత కొట్టాక వచ్చి, మంచం తల దక్షిణానికి లేదంటాడు. అప్పుడు స్విచ్చులన్నీ అవతలి గోడకు పోవాలి. ఫాల్స్ సీలింగ్ గురించి కూడా ఒక ముక్క: పదడుగుల ఎత్తు కప్పును తొమ్మిదికి దించి, పైన ఆ అడుగు మేర చీకటినీ దుమ్మునూ బల్లులనూ కాపాడుతున్నాం. దించిన కప్పుకు ఫ్యాను వేలాడదీయడానికి రంధ్రం చేస్తారు. చుట్టూ దాచిపెట్టిన లైట్లు. గవాచి మాత్రం పాతకాలం పద్ధతి.

నెల తర్వాత ఆ ఇంటికి మళ్ళీ పోయి చూడండి. వెనీర్ అనే పల్చటి చెక్కపొర అంటించిన గోడకు మేకు కొట్టి క్యాలెండరు. టీవీ యూనిట్ కింద ఇన్వర్టరు. పడమటి గాజు కిటికీకి పగలంతా పరదా, అందుకని పగలంతా లైట్లు. సోఫా మీద కంపెనీ ప్లాస్టిక్ కవరు అలాగే. జేజి మాత్రం, “ఈ నున్నటి బండ జారతాదిరా నాయనా” అంటూ గోడ పట్టుకుని నడుస్తుంది, కాబట్టి నాలుగు బై రెండు టైల్స్ మీద ఈతచాపలు.

కొందరు పెద్దలు అంటుంటారు, ఇంత చదివి పాప ఇలాంటి పనులేమిటని. వారికి చట్టం తెలియదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదు కాకుండా ఎవరూ ‘ఆర్కిటెక్ట్’ అని బోర్డు పెట్టుకోకూడదు. ‘ఇంటీరియర్ డిజైనర్’ అనే బోర్డుకు అలాంటి అడ్డమేమీ లేదు. మా ఊళ్ళో ప్లైవుడ్ అంగడాయన ఇంటీరియర్ డిజైనరే. పీవీసీ ప్యానెళ్ళు అంటించే అబ్బాయీ ఇంటీరియర్ డిజైనరే. ఇంటాయన బామ్మర్ది, వృత్తి రీత్యా ఏమీ చేయడు కాబట్టి, అందరికన్నా పెద్ద ఇంటీరియర్ డిజైనరు. కడపలోనే 2020లో ఆర్కిటెక్చరుకూ లలితకళలకూ ఏకంగా ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. అయినా బామ్మర్ది కావడానికి పట్టే సమయం కన్నా అక్కడ ఎక్కువ సమయం పడుతోంది.

ఇక ఫీజు. చదరపు అడుగుకు ఇంత అని చెక్కపనికి ఇస్తారు, మేస్త్రీకి ఇస్తారు, సిద్ధాంతికి తాంబూలంలో పెట్టి ఇస్తారు. ఆలోచనకు ఇవ్వరు. “బొమ్మ గీసినందుకు డబ్బులా పాపా?” అంటారు, నవ్వుతూ. అందుకే పాప బొమ్మ ఉచితంగా గీసి చెక్కలో రాబట్టుకుంటుంది. ఆ చెక్క ఎక్కువ కావాలంటే అల్మరాలు ఎక్కువ కావాలి. మన ఇళ్ళల్లో గోడ కనబడకపోవడానికి వెనక ఉన్న సౌందర్య సిద్ధాంతం ఇదే, దీన్ని ఏ కాలేజీలోనూ చెప్పరు.

మొన్న ఆ ఎనుముల ఇంటాయనే పాపను మళ్ళీ పిలిపించాడు. పెండ్లిమర్రి దోవలో తోట కొన్నాడట, అందులో ఫామ్‌హౌస్. ఫోన్లో ఏదో రీలు చూపించాడు. పుణె దగ్గర ఒక ఇల్లు: నల్లబండ నేల, మందపాటి మట్టిగోడలు, దూలాలు, కప్పులోంచి దిగే ఎండ.

“ఇట్లాంటిది కావల్ల పాపా. మనకాడ ఇట్లాంటియి తెలిసినోళ్ళు యాడుంటారు!”

పాప ఏమీ మాట్లాడకుండా రెండో ఏడాది షీట్లు తీసి పరిచింది. నేను చింపేయమన్నవే. ఆయన చాలాసేపు చూశాడు. గవాచి దగ్గర వేలు పెట్టి వానొస్తే ఎట్లన్నాడు. బండ మూత ఉంటుందంది. వద్దులే, ఆకాశం బొమ్మ కనబడే ఎల్ఈడీ ప్యానెల్ పెట్టేయమన్నాడు. సరేనంది. ఆమె ఇప్పుడు అన్నిటికీ సరే అంటోంది, అనుభవం వచ్చింది.

“అయితే పాపా, ఇది నువ్వు కాలేజీలో గీసిందే గదా. మళ్ళా గీసేదేముంది? డిజైన్‌కు డబ్బులేంటికి?”

న్యాయమైన ప్రశ్నే. పాప డిజైన్ ఫీజు కొట్టేసింది. దాని కింద ఇంకో పద్దు రాసింది: పుణె నుంచి రాయి, రవాణాతో సహా. ఆయన బేరం కూడా ఆడకుండా అడ్వాన్సు ఇచ్చాడు. బండలు పోయిన వారం మా జిల్లా ఎర్రగుంట్ల నుంచి ట్రాక్టర్‌లో దిగాయి.