ఫొటోలు పోలేదు తమ్ముడూ, దాక్కున్నాయి! ఫార్మాట్ ఎందుకు కొట్టావు?

ఇందాకే ఇంకో పెన్‌డ్రైవ్ బలైపోయింది. ఒక ఇంటి ఆడపిల్ల ఓణీల ఫంక్షన్ ఫొటోలు. ప్రింట్లకని ఇచ్చి తెచ్చుకున్నాక తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి (వేరే ఫైలుకు దారి చూపే బుల్లి ఫైళ్లు) కూర్చున్నాయి. రిపేరు షాపు కుర్రాడు ఒక్క చూపు చూసి "వైరస్ అంకుల్, అన్నీ పోయాయి" అన్నాడు, పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీ చేసే ఫార్మాట్ కొట్టేశాడు. ఒళ్లు మండిపోతోంది.

ఏం పోయాయి? పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడటానికి ఎంతసేపు పడుతుంది? కనబడేవి ఒకటి రెండు కేబీల షార్ట్‌కట్లు, యూజ్డ్ స్పేస్ దగ్గర 11 జీబీ. ఆ 11 జీబీ ఆ పిల్ల ఫొటోలే!

ఈ రకం వైరస్ ఫైళ్లను చెరపదు. వాటికి హిడెన్, సిస్టమ్ అని రెండు గుర్తులు తగిలిస్తుంది, ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్‌లోకి తోసేస్తుంది, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. మీరు డబుల్ క్లిక్ చేస్తేనే దానికి ప్రాణం. అందుకే ఆ షార్ట్‌కట్లు తెరవొద్దు, డిలీట్ చేయండి.

విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ అని అందరూ చెబుతారు. సగమే చెబుతారు! అది హిడెన్ గుర్తుకు మాత్రమే సరిపోతుంది. సిస్టమ్ గుర్తు కూడా ఉంటే ఫైలు అప్పటికీ కనబడదు, దాంతో "చూశాం, లేవు" అని ఫార్మాట్‌కు పోతారు. పైన మూడు చుక్కలు నొక్కి ఆప్షన్స్‌లోకి వెళ్లి, వ్యూ ట్యాబ్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్ తీయాలి. హెచ్చరిక వస్తుంది, ఎస్ కొట్టండి. పని అయ్యాక ఆ టిక్ మళ్లీ పెట్టేయండి.

కనబడ్డాక ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ తీద్దామంటే అది బూడిద రంగులో కదలకుండా ఉంటుంది. సిస్టమ్ గుర్తు వల్లే. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి అట్రిబ్ కమాండ్ వాడాలి. ఏ, రెండు టీలు, ఆర్, ఐ, బీ. తర్వాత మైనస్ ఎస్, మైనస్ హెచ్, మైనస్ ఆర్, పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన గీత (బ్యాక్‌స్లాష్), స్టార్ డాట్ స్టార్, చివర స్లాష్ ఎస్, స్లాష్ డీ. మైనస్ అంటూ మొదలైన ప్రతిదానికీ, పెన్‌డ్రైవ్ అక్షరానికీ, చివరి రెండు స్లాష్‌లకూ ముందు ఒక ఖాళీ. స్లాష్ డీ మర్చిపోతే ఫోల్డర్లు దాక్కునే ఉంటాయి. మైనస్ ఎస్ లేకుండా మైనస్ హెచ్ ఒక్కటే ఇస్తే సిస్టమ్ ఫైలు కదా అని మొరాయిస్తుంది. సీ డ్రైవ్ మీద మాత్రం ఈ కమాండ్ వద్దు, అక్కడ దాచినవి నిజంగానే దాచాల్సినవి.

అసలు ఈ దాచుడు జబ్బు విండోస్‌దే. విండోస్ 95 నుంచీ ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను (అది ఏ రకం ఫైలో చెప్పే అక్షరాలను) దాచిపెడుతోంది. 2000 మే నెలలో ఐలవ్‌యూ వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది దీన్ని వాడుకునే. ఈమెయిల్‌లో వచ్చిన ఫైలు పేరులో చివరి వీబీఎస్ (ప్రోగ్రాం అని చెప్పేది) కనబడక, మధ్యలో ఉన్న టీఎక్స్‌టీ (మామూలు రాత ఫైలు అని చెప్పేది) చూసి జనం మామూలు ఉత్తరం అనుకున్నారు. పాతికేళ్లు దాటినా ఇంకా దాస్తూనే ఉన్నారు! పెళ్లిపత్రిక డాట్ పీడీఎఫ్ అని కనబడేదాని వెనక ఈఎక్స్ఈ (అదీ ప్రోగ్రామే) ఉంటే మన పెద్దవాళ్లకు ఎలా తెలియాలి? వ్యూ, షోలోనే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఉంది, ఇవాళే టిక్ పెట్టండి. షార్ట్‌కట్ల ఎక్స్‌టెన్షన్ ఎల్ఎన్‌కే మాత్రం అప్పటికీ కనబడదు. డీటెయిల్స్ వ్యూలో టైప్ కాలమ్ చూడాల్సిందే.

ఆ ఓణీల ఫొటోలవాళ్లకు ఒక్క మాట. కుర్రాడు క్విక్ ఫార్మాట్ చేసుంటే ఇంకా ఆశ ఉంది, అది లోపలి డేటాను తుడవదు. ఫుల్ ఫార్మాట్ అయితే విండోస్ విస్టా నుంచీ సున్నాలతో నింపేస్తుంది, ఇక రాదు. ముందు ఆ సంగతి అడగండి. ఫొటోరెక్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, దాంతో వెతికించి దొరికినవి వేరే డ్రైవ్‌లో సేవ్ చేయించండి. అంతవరకు ఆ పెన్‌డ్రైవ్‌లో ఒక్క పాట కూడా ఎక్కించకండి, దండం పెడతాను.